తొట్టిలోని చేపను పట్టుట – శిక్షయా, బాధ్యతయా?



ఇంటిలో అలంకారమునకు పెంచే చేపను గూర్చి ధర్మాధర్మ విచారణ చేయుట కొందరికి విడ్డూరముగా తోచవచ్చును. వంజరము, చందువా ఇష్టముగా తినే మనము, గాజు తొట్టిలోని ఒక్క చేపను ఎట్లు పట్టవలెనని తర్కించుట ఎందుకు అని అడుగవచ్చును. అయితే ఈ చిన్న ప్రశ్నలో ఒక పెద్ద ప్రశ్న ఇమిడియున్నది. మన చేతిక్రింద బ్రదుకుచున్న ప్రాణి మనకు ఇబ్బందిగా మారినప్పుడు దానియెడల మన ధర్మమేమి?

బెంగుళూరు, చెన్నై, ముంబయి వంటి పట్టణములలో మన కుటుంబములు కొన్ని ఉప్పునీటి అక్వేరియములను పెట్టుకొనుచున్నవి. మంచినీటి అలంకార చేపలు చాలావరకు చెరువులలో పెంచబడినవే. ఉప్పునీటి చేపలలో అధిక భాగము మాత్రము నేటికిని సముద్రపు పగడపు దిబ్బల నుండి పట్టి తెచ్చినవి. ఫిలిప్పీన్స్ దేశములో 1960 దశకము నుండి నీళ్లలో సయనైడు చిమ్మి, చేపలను మత్తెక్కించి పట్టే దురాచారము కూడ సాగినది. మనము బ్రదుకుతెరువు వెదకుకొనుచు మన ఇష్టముతో ఈ ఊళ్లకు వచ్చినవారము. ఆ చేప అట్లు రాలేదు. దానిని తెచ్చిరి, మనము కొన్నాము.

ఒక ఉదాహరణ తీసుకొందము. మూడు చుక్కల డామ్సెల్ అనే చేప ఉన్నది. దీనినే డొమినో అని కూడ అందురు. చిన్నతనములో బొగ్గువలె నల్లగా ఉండి, నుదుట ఒకటి, రెండు ప్రక్కల ఒక్కొక్కటి తెల్లని చుక్కలతో ఎంతో ముద్దుగా ఉండును. ధర తక్కువ, ప్రాణము గట్టిది. అందుచేత క్రొత్త తొట్టిలో నీరు కుదురుకొనువరకు మొదట దీనిని వదలుట చాలకాలము వాడుకగా ఉండెను. సముద్రములో దీని పిల్లలు ఎనిమోనుల మధ్య తలదాచుకొనును. పెరిగినప్పుడు సుమారు 14 సెంటీమీటర్ల వరకు ఎదిగి, తన చోటును గట్టిగా కాపాడుకొనును. నాలుగడుగుల తొట్టిలో మొత్తము తొట్టియే తన చోటని అనుకొనును. తరువాత తెచ్చిన మెత్తని చేపలను తరుమును, రెక్కలు చీల్చును, మేతకు రానీయదు. కొన్ని దినములలో ఒకటి మూలన నక్కి చనిపోవును.

అప్పుడు ఇంటివారు, “ఇది రౌడీ చేప, దీనిని తీసివేయాలి” అందురు. ఇక్కడనే మనము కొంచెము ఆగి ఆలోచించవలెను. సముద్రములో కూడ డొమినో ఇట్లే తరుమును. కాని అక్కడ ఓడిన చేప నాలుగు గజములు ఈదిపోయి బ్రదుకును. తొట్టిలో పారిపోవుటకు చోటు లేదు. చేప స్వభావము మారలేదు, గాజు గోడ మాత్రము క్రొత్తగా వచ్చినది. ఆ గోడ కట్టినది మనుష్యుడు. గనుక ఆ చేపను తీయుట దోషికి శిక్ష కాదు. మనిషి చేసిన అమరికను మనిషే సరిదిద్దుట.

అట్లని దానిని అక్కడే వదలివేయుట దయ అనిపించుకొనదు. దెబ్బలు తినుచున్న చేపలు కూడ మన ఆధీనములోనివే. బలవంతునిపై జాలిపడి బలహీనుని విడిచిపెట్టుట న్యాయము కాదు. తీయవలసినదే. అయితే ఎట్లు తీయుదుము, తీసి ఎక్కడ పెట్టుదుము అన్నవే అసలు ప్రశ్నలు.

చాలమంది కోపముతో చేతి వల తీసికొని వెంటబడుదురు. డొమినోకు ప్రతి రాతి సందు తెలియును. గంటసేపు తరిమినను దొరకదు. ఈలోగా దాని ఒంటిమీది జిగురు పొర, పొలుసులు దెబ్బతినును, మిగిలిన చేపలు కూడ బెదరిపోవును. నిదానముగల పద్ధతి వేరు. ఖాళీ ప్లాస్టిక్ సీసా పైభాగమును కోసి, తలక్రిందులుగా లోపలికి దూర్చి, గరాటువలె అమర్చి తొట్టిలో ఉంచవలెను. కొన్ని దినములు మేత దానిలోనే వేయవలెను. చేపకు భయము తీరి లోనికి వెళ్లును, తిరిగి వచ్చు దారి వెంటనే తెలియదు. తక్కిన వాటిని తరిమే ధైర్యము గలదే తరచుగా మేతకు ముందు వచ్చును. దానిని నీళ్లతోపాటే పైకి తీయవచ్చును. ముళ్లలో విషముండే లయన్ ఫిష్ వంటి వాటిని మాత్రము చేతితో ముట్టరాదు.

చేపకు నొప్పి తెలియునా అని కొందరు అడుగుదురు. 2003లో లిన్ స్నెడ్డన్ అనే శాస్త్రవేత్తయు ఆమె సహచరులును ట్రౌట్ చేపల పెదవులలోనికి బాధ కలిగించు పదార్థమును ఎక్కించి చూచిరి. అవి మేత మానెను, కొన్ని తమ పెదవులను తొట్టి అడుగున ఉన్న గులకరాళ్లకు రాచుకొనెను. మనుష్యునికి ఉన్నటువంటి పైమెదడు చేపకు లేదు గనుక దానిని నొప్పి అనరాదని వాదించువారును కలరు. వాదము తేలువరకు మనము ఏమి చేయుదుము? నిదానించినందువలన మనకు పోవునది కొన్ని దినములు. తొందరపడి పొరబడినయెడల నష్టము భరించునది చేప.

“మరి చేపలను తినుట లేదా?” అనే ఆక్షేపణకు జవాబు చెప్పవలసియున్నది. జాలరి చేపను ఆహారము కొరకు పట్టును, అంతటితో ఆ పని ముగియును. పెంచువాడు అట్లు కాదు. నీరు, ఉప్పు, వేడి, మేత, సహవాసము అన్నియు తన చేతిలోనికి తీసుకొనును. ఆ చేప తనకు తానుగా ఏమియు చేసుకొనలేని స్థితిని కలిగించినవాడు అతడే. గనుక తినువానికి లేని బాధ్యత ఒకటి పెంచువానికి ఏర్పడును.

అయితే పట్టిన చేపను తిరిగి సముద్రములో విడిచిన మంచిది కాదా? వినుటకు దయగానే ఉండును. డొమినో పగడపు దిబ్బల చేప. దానిని చెన్నై మెరీనా ఇసుక తీరములో విడిచినచో తలదాచుకొనుటకు చోటు దొరకదు. తొట్టిలోని రోగములను కూడ అది సముద్రములోనికి మోసికొనిపోవచ్చును. పరదేశపు చేపయైనచో అపాయము మరింత ఎక్కువ. హిందూ, పసిఫిక్ మహాసముద్రముల లయన్ ఫిష్ 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరమున మొదట కనబడెను. అక్వేరియములనుండి విడువబడినవే దానికి మూలమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. 2000 తరువాత అది కరీబియన్ సముద్రమంతట వ్యాపించి, అక్కడి చిన్న చేపలను తినివేయుచున్నది.

కాబట్టి పట్టకముందే దాని చోటు సిద్ధపరచవలెను. వేరొక తొట్టి, మధ్య అడ్డుపలక, పెద్ద తొట్టి గల స్నేహితుడు, తిరిగి తీసికొనే దుకాణము – వీటిలో ఏదో ఒకటి చూడవలెను. ఏదియు కుదరక, చేప బాధపడుచున్నచో, పశువైద్యుని సలహాతో నొప్పి లేకుండ ప్రాణము తీయుట చివరి మాట. అది చేదైన మాటే, గాని ఎండిన బకెట్టులో కొట్టుకొని చావనిచ్చుటకంటె మేలు.

ఇంట అక్వేరియము పెట్టే వాడుకను ప్రజలలో వ్యాపింపజేసినవారిలో ఇంగ్లండు దేశస్థుడైన ఫిలిప్ హెన్రీ గాస్ ముఖ్యుడు. ఆయన ప్రకృతి శాస్త్రజ్ఞుడు, వాక్యము బోధించినవాడు కూడ. 1854లో ఆయన వ్రాసిన గ్రంథము చదివి జనులు గుంపులుగా డెవన్ తీరమునకు వెళ్లి, రాతి గుంటలలోని జీవులను ఏరుకొనిపోయిరి. ఆ గుంటలు పాడైపోవుట చూచి తండ్రి ఎంతో నొచ్చుకొనెనని ఆయన కుమారుడు ఎడ్మండ్ 1907లో వ్రాసెను. ప్రేమతో చేసిన పనికిని లెక్క చెప్పవలసి వచ్చునని దీనివలన మనము గ్రహింపగలము.

కొనకముందే అడుగుట అన్నిటికంటె ఉత్తమము. ఇది ఎంత పెరుగును? దేనితో కలిసి బ్రదుకును? సముద్రములో పట్టినదా, పెంచినదా? కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు మండపములోను, విళింజములోను క్లౌన్ చేపలను, కొన్ని డామ్సెల్ జాతులను పొదిగించి పెంచే పద్ధతులను రూపొందించిరి. అట్టివి దొరికినచోట వాటినే కోరుదము. పిల్లలు మారాము చేసినను, ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతనే డబ్బు చెల్లించుదము.