తిట్టు ఎవరికి తగులుతుంది?

ఇద్దరు పురుషులు వీథిలో కలహించినప్పుడు ఒక విచిత్రం కనబడుతుంది. ఒకడు రెండవవానిని తిట్టదలచి, వానిని గాక వాని తల్లిని, అక్కచెల్లెండ్రను నిందిస్తాడు. ఆ స్త్రీలు అక్కడ లేరు. ఆ తగవుతో వారికి సంబంధమూ లేదు. అయినా తిట్టు వారి శీలం మీదుగానే సాగుతుంది. స్త్రీ శీలం పురుషుని సొత్తు అనీ, దానిని కాపాడలేనివాడు మగవాడే కాడనీ ఇరువురూ అంగీకరించి ఉన్నారు. విరోధులకు ఈ ఒక్క విషయంలో భేదాభిప్రాయం లేదు.

హిందీలో ‘సాలా’ అంటే భార్య సోదరుడు. ‘ససురా’ అంటే మామగారు. రెండూ తిట్లే. కన్యనిచ్చిన ఇల్లు తక్కువదనే భావమే ఆ మాటలకు విషం పోసింది. మేనరికాలు చెల్లే తెలుగునాట ‘బావమరిది’ తిట్టు కాలేదు.

స్త్రీల తిట్లు వేరు దారిని నడిచినాయి. హిందీ, ఉర్దూ స్త్రీల పలుకుబడిలో పురుషుడు ‘మువా’, అనగా చచ్చినవాడు. ‘కల్ముఁహా’, అనగా నల్లమొగంవాడు. ఇది శాపానికి దగ్గర. చేతిలో బలం లేనివారు విధిని సాయం పిలుస్తున్నారు. కాని అదే స్త్రీ మరొక స్త్రీని తిట్టవలసివస్తే ‘రాండ్’ అని వైధవ్యాన్ని, ‘బాంఝ్’ అని గొడ్రాలితనాన్ని ఎత్తిపొడుస్తుంది. నోరు ఆమెదే, కొలబద్ద మాత్రం ఆమెది కాదు.

ఇక పెండ్లి విందులోని ‘గారీ’ పాటలు. జనకుని ఇంట మగపెండ్లివారు భుజిస్తుండగా మిథిలా స్త్రీలు పురుషుల పేర్లూ, స్త్రీల పేర్లూ ఎత్తి గారీలు పాడినారనీ, దశరథుడు సపరివారంగా నవ్వినాడనీ తులసీదాసు రామచరితమానసంలో వర్ణించినాడు. తక్కువదనిపించుకొన్న ఇంటి స్త్రీలకు ఆ పూట మాట దక్కింది. అయితే ఆ పాటలలో సైతం తరచు నిందకు గురియయ్యేది వరుని తల్లీ, తోబుట్టువులే. అనుమతి ఒక పూటది, మాటలు ఎరువుతెచ్చుకొన్నవి.

19వ శతాబ్ది చివరా, 20వ శతాబ్ది తొలిదశలోనూ ఉత్తరదేశపు సంస్కర్తలు ఈ పాటలను అశ్లీలమని ఖండించినారు. స్త్రీల పాటకు అడ్డు చెప్పినారు; వీథిలో పురుషుని తిట్టు మాత్రం నేటికీ నిలిచే ఉన్నది.

కనుక ఏ మాట అనరాదన్న విచారణ చాలదు. ఆ మాట ఎందుకు తగులుతున్నదని అడగవలసి ఉన్నది. తల్లి మానం కుమారుని ఆస్తి కాదనీ, అది ఆమెదేననీ లోకం నమ్మిననాడు, వీథిలో ఆ తిట్టు విన్నవానికి కత్తి దూయవలసిన అవసరం కలుగదు. అన్నవానికి ఆ తిట్టు వల్ల ప్రయోజనమూ ఉండదు.