ఎవరి త్యాగం?

మా నాన్న డెల్టా ఊళ్లలో పాస్టరుగా పనిచేశారు. సంఘంలో అందరికీ ఆయన అయ్యగారు, మా అమ్మ అమ్మగారు. ఆదివారం బడి నడిపింది అమ్మే. స్త్రీల సమాజాన్ని కూడగట్టిందీ, వేళకాని వేళ వచ్చినవాళ్లకి అన్నం వండిపెట్టిందీ అమ్మే. జీతం మాత్రం నాన్న పేరున వచ్చేది. ఆయన రిటైరైన రోజు సభలో మాట్లాడిన వాళ్లంతా ఆయన త్యాగాన్ని పొగిడారు. అమ్మకి చీర పెట్టారు. ఇంటికొచ్చాక, "ఆ త్యాగంలో నీ వాటా ఎంతమ్మా?" అని నవ్వుతూ అడిగాను. అమ్మ నవ్వలేదు. "నేనేమన్నా ఊరికే ఆయన వెంట వచ్చాననుకున్నావా?" అంది.

మడగాస్కర్‌లో మొదటి మిషనరీ కుటుంబాల గురించి చదువుతుంటే ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది.

1818లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున డేవిడ్ జోన్స్, థామస్ బెవన్ అనే ఇద్దరు వేల్స్ యువకులు ఆ దీవికి వెళ్లారు. ఈ సొసైటీ మనకి కొత్తది కాదు. 1805లో విశాఖపట్నం వచ్చి, సువార్తల్ని తెలుగులోకి అనువదించే పని మొదలుపెట్టిన క్రాన్, డేగ్రాంజెస్ దాని మనుషులే. జోన్స్, బెవన్ ముందు తామిద్దరే తూర్పు తీరంలోని తమతావ్ (నేటి తోమాసినా) రేవులో దిగి చూశారు. ఆ తర్వాత మారిషస్‌లో ఉంచిన భార్యల్ని, పసిపిల్లల్ని తెచ్చుకున్నారు. మొత్తం ఆరుగురు. 1819 మొదటి నెలలు గడిచేసరికి తీరప్రాంతపు జ్వరం ఐదుగురిని పొట్టన పెట్టుకుంది. జోన్స్ ఒక్కడే మిగిలాడు. 1820లో మళ్లీ వెళ్లి, మొదటి రడామా రాజు అనుమతితో రాజధాని అంటనానరివోలో బడి పెట్టాడు.

నేను మొదట చదివిన పుస్తకాల్లో ఇది జోన్స్ త్యాగం కథ. చనిపోయిన స్త్రీలు అందులో మిసెస్ జోన్స్, మిసెస్ బెవన్. వాళ్ల చావు కూడా అతను పోగొట్టుకున్న వాటి జాబితాలో ఒక పద్దు. ఇక్కడే నా ప్రశ్న. ఒక మనిషి తన నమ్మకం కోసం తన ప్రాణాన్ని ఇవ్వొచ్చు. ఇంకొకరి ప్రాణాన్ని కూడా తన ఖాతాలో రాసుకోవచ్చా?

పితృస్వామ్యం ఆ ఇద్దర్నీ బలితీసుకుందని తేల్చెయ్యడం నాకు తేలికే. కానీ అమ్మ జవాబు అడ్డొస్తుంది. ఆ సొసైటీ పెళ్లికాని స్త్రీలను చెప్పుకోదగ్గ సంఖ్యలో పంపడం 1870ల తర్వాతే జరిగింది. అంతకుముందు అలాంటి పని చెయ్యాలన్న తపన ఉన్న అమ్మాయికి దాదాపుగా ఒకటే దారి, మిషనరీని పెళ్లి చేసుకోవడం. ఆ స్త్రీలలో అలా ఆలోచించినవాళ్లు ఉండరని నేనెలా అనగలను? వాళ్లని కేవలం బాధితులుగా చూస్తే, ఆ పుస్తకాలు చేసిన పనినే నేను మరో పద్ధతిలో చేస్తున్నట్టు. వాళ్లు భర్తను లెక్కించి భార్యను వదిలేశారు. నేను ఆమె బాధను లెక్కించి ఆమె సంకల్పాన్ని వదిలేస్తున్నాను. ఇరుకు దారిలో నడిచినా ఆ నడక ఆమెదే. దారి ఇరుకవడానికి బాధ్యులు వేరే.

పిల్లల సంగతి అలా కాదు. వలస కూలి తల్లి బిడ్డను చంకనేసుకుని పోతుంది, ఆమెకి వేరే గతి లేదు. ఈ తల్లిదండ్రులకి మారిషస్ ఉంది. అడవి, జ్వరం తమ ఇద్దరు సేనాపతులని అక్కడి మెరీనా పాలకులు చెప్పుకునేవారట. అలాంటి తీరానికి పసిబిడ్డను తీసుకెళ్లడాన్ని త్యాగం అనడానికి నాకు నోరు రావడంలేదు. ఇచ్చేవాళ్లది కానిదాన్ని ఇవ్వడం త్యాగం ఎలా అవుతుంది?

మలగాసీ స్త్రీల వైపు నుంచి చూస్తే ప్రశ్న ఇంకా చిక్కుపడుతుంది. అంటనానరివోలో మిషనరీ భార్యలు ఆడపిల్లలకి కుట్టుపని నేర్పారు. పట్టు లంబాలు నేసే చేతులున్న జాతికి కుట్టు నేర్పడం! అదే మిషన్ మలగాసీ భాషకి లాటిన్ లిపిలో రాత కుదిర్చింది, 1835 నాటికి బైబిలంతా అచ్చువేసింది. ఆ ఏడాదే మొదటి రనవలోనా రాణి మలగాసీలకి క్రైస్తవాన్ని నిషేధించింది. పూర్వీకుల ఆచారాన్ని వదలడమంటే ఆమె దృష్టిలో రాజ్యాన్ని వదలడమే. మిషన్ రచనలు ఆమెను రాక్షసిగా చిత్రించాయి. ఆమె చేతిలో చాలామంది చనిపోయిన మాట నిజం. పరాయివాళ్ల గురించి ఆమె భయం ఉత్తది కాదన్నదీ నిజమే. 1896లో ఫ్రాన్స్ ఆ దేశాన్ని వలసగా కలుపుకుంది.

1837 ఆగస్టులో అంబోహిపోత్సిలో రసలామా అనే స్త్రీని ఈటెలతో పొడిచి చంపారు. మలగాసీ క్రైస్తవుల్లో మొదటి అమరురాలు ఆమే. మిషనరీలు అప్పటికే దేశం వదిలి వెళ్లిపోయారు. ఆమెను ఎవరూ పంపలేదు, ఆమె ఎవరి వెంటా రాలేదు. సొంత పేరుతో, సొంత నిర్ణయంతో నిలబడింది. కానీ ఆ మరణాన్నీ లండన్ తన మిషన్ ఫలంగానే చెప్పుకుంది. ఎంచుకున్నామెకి, ఎంచుకునే వీలు అంతగా లేనివాళ్లకి చివరికి ఒకటే ఖాతా.

ఆ ఎత్తు ప్రాంతాల్లో కుటుంబాలు కొన్నేళ్లకోసారి సమాధి తెరుస్తాయి. పెద్దల అస్థికల్ని కొత్త లంబాల్లో చుడతాయి, పేరు పేరునా తలుచుకుంటాయి. కుటుంబ సమాధికి దూరంగా మిగిలిపోవడం వాళ్లకి పెద్ద దురదృష్టం. తమతావ్‌లో చనిపోయిన ఆ తల్లులు, పిల్లలు అలా దూరంగానే ఉండిపోయారు.

అమ్మ ఇప్పుడు లేదు. సంఘం వేసే ప్రత్యేక సంచికకి నాన్న సేవ గురించి రాయమని నన్ను అడిగారు. రాస్తాను, కానీ నాన్న ఒక్కరి గురించే కాదు. అమ్మ ఎంచుకున్న పనులు ఆమె పేరుతోనే రాస్తాను. ఆమెను అడగకుండా తీసుకున్నవి వేరే పేరాలో రాస్తాను. బదిలీలతో నేనూ తమ్ముడూ మారిన నాలుగు బళ్లు, ప్రతిచోటా మధ్యలో తెగిపోయిన స్నేహాలు కూడా రాస్తాను. వాటిని ఎవరి త్యాగంలోనూ కలపను.

ఆ రోజు నేను అమ్మని వాటా ఎంత అని అడగకుండా ఉండాల్సింది. మొత్తం నాన్నదేనని నేనే ముందుగా ఒప్పేసుకుని అడిగిన ప్రశ్న అది.