పరిచర్య దానమా, ఋణమా?

మన భాషలో సేవ యను మాటకున్నంత గౌరవము మఱి యే మాటకును లేదు. దేవునికి చేయుదానిని సేవ యందుము; తల్లిదండ్రులకు చేయుదానిని సేవ యందుము; దేశముకొఱకు చెఱసాల కేగుటయు సేవయే. అయినను రోగి పక్కబట్టలు మార్చి, పుండు కడిగి, పురిటిలోని నెత్తురు తుడిచిన చేతిని మాత్రము మన సంఘము చిరకాలము దూరముననే యుంచినది. “మంత్రసానితనమున కొప్పుకొన్న తరువాత ఏది వచ్చినను పట్టవలసినదే” యని మనవారిలో నొక సామెత కలదు. ఇష్టము లేని పనిని తప్పక చేయవలసివచ్చినపుడెల్ల దీనిని నవ్వుచు చెప్పుకొందుము. ఆ నవ్వులో నొక తీర్పు దాగియున్నది. బిడ్డను లోకమునకు తెచ్చు పని యెంత యవసరమో యెఱిగియు, ఆ పని చేయువారికి కాదనుటకు హక్కు లేదని మనము నిర్ణయించితిమి. పనిని పొగడి పనివారిని వాకిట నిలుపుట మనకు క్రొత్త గాదు. కాని యీ విషయమున ఆ యలవాటు ప్రాణములకే ముప్పు తెచ్చుచున్నది.

పల్లెటూరిలో నొక స్త్రీ అర్ధరాత్రమున నొప్పులు పడుచున్నపుడు, చదువు నేర్చిన చేయి యొకటి యామె చెంత నుండవలెను. ఉండవలె ననుటలో నెవ్వరికిని భేదాభిప్రాయము లేదు. ఆ చేతిని అచ్చట నుంచవలసిన బాధ్యత యెవ్వరిది యన్నదే ప్రశ్న. అది నర్సు త్యాగబుద్ధిపై నాధారపడిన దానమా? లేక యా యూరికి దేశము చెల్లింపవలసిన ఋణమా? దానమైనచో ఇచ్చువారి యిష్టము ప్రధానము. పుచ్చుకొనువారు నమస్కరించి యూరకుండవలెను. ఋణమైనచో గడువు కలదు, లెక్క కలదు, అడుగుటకు అధికారము కలదు. అది ఋణమే యని నా యభిప్రాయము. అంతేకాదు, ఆ ఋణమును నర్సు నెత్తిపై పెట్టి మనము తప్పించుకొనుచున్నామనియు నా యభిప్రాయము.

1860లో లండను నగరమున సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లారెన్స్ నైటింగేల్ నర్సుల పాఠశాలను నెలకొల్పెను. చేత దీపము పట్టుకొని క్షతగాత్రుల నడుమ తిరిగిన దయామయిగా నామెను మన పాఠ్యపుస్తకములు వర్ణించును. ఆమె చేసిన ఘనకార్య మంతకంటె పెద్దది. దయను విద్యగా మార్చినది. గాలి, వెలుతురు, శుభ్రత, మరణముల లెక్క, వీనిని నేర్చిన దయయే రోగికి మేలు చేయునని చూపినది. విద్యయైనదానికి జీతము కలదు, మర్యాద కలదు, పాఠ్యక్రమము కలదు. మనము ఆమె దీపమును గైకొంటిమి గాని పాఠమును గైకొనలేదు.

మన ప్రాంతమున గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లరు కృషివలన 1898లో స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి యేర్పడినది. వేలూరులో ఐడా స్కడరు 1909లో నర్సుల పాఠశాల ప్రారంభించెను. ఈ చదువునకు తొలుత వచ్చినవారిలో క్రైస్తవబాలికలే మిక్కిలి యధికము. సంస్కరణాభిమానము గల గృహములు బాలికలను బడికి పంపినవి. కొందరిని ఉపాధ్యాయినులను చేసినవి. వితంతువులకు వివాహములు చేసినవి. నర్సు చదువనగా మాత్రము చాలవఱకు వెనుదీసినవి. అన్ని కులములవారి దేహములను ముట్టవలెను, పరపురుషుల పుండ్లు కట్టవలెను, రాత్రులు మేల్కొనవలెను. ఈ మూడు భయములను మన సంస్కర్తల యుపన్యాసములును జయింపలేకపోయినవి.

ఫలితము 1946లో బయటపడినది. ఆ యేట నివేదిక సమర్పించిన భోర్ సంఘము లెక్క ప్రకారము నాటి బ్రిటిష్ ఇండియాలో సుమారు 6,300 మంది కొక వైద్యుడును, 43,000 మంది కొక నర్సును ఉండిరి. ఎక్కడనైనను వైద్యులకంటె నర్సులు ఎక్కువగా నుండవలెను. మన దేశమున ఏడవవంతు మాత్రమే యుండిరి. దారిద్ర్యమే కారణమైనచో వైద్యులును అంతే తక్కువ యుండవలెను గదా! ఆ యంకెలలో మన పేదఱికముతోపాటు మన యసహ్యము కూడ లెక్కింపబడినది.

ఆ కాలము గడచినది. 1946లోనే ఢిల్లీలోను వేలూరులోను నర్సులకు పట్టభద్రవిద్య ప్రారంభమైనది. 1947లో భారత నర్సింగు మండలి చట్టము వచ్చినది. నేడు నర్సు విద్యాలయములకు మన జిల్లాలలో కొదువ లేదు. అప్పు చేసి, పొలము తాకట్టు పెట్టి కుమార్తెలను చదివించు తండ్రులు పెక్కుమంది. అట్లు చదివినవారిలో ననేకులు నగరముల పెద్ద యాసుపత్రులకో, గల్ఫు దేశములకో, ఇంగ్లండునకో పోవుచున్నారు. అపుడు మన పెద్దలు “ఈ కాలపు పిల్లలకు సేవాభావము లేదు” అని నిట్టూర్చెదరు.

ఈ నిందను కొంచెము పరీక్షింతము. ఇంజనీరు చదువు ముగించి అమెరికా కేగిన కుమారుని గూర్చి మనము గర్వింతుము; అతనికి సేవాభావము లేదని యెవ్వరు ననరు. నర్సు చదివి కువైటు కేగిన బాలికను మాత్రము త్యాగము చేయలేదని తప్పుపట్టుదుము. తండ్రి యప్పు తీర్చి, తమ్ముని చదివించు నా బాలిక పల్లెకు బాకీపడినదా? ప్రజాధనముతో చదివినవారు కొన్నియేండ్లు ప్రజలకు ఋణపడియుందు రనుట న్యాయమే. కాని యా న్యాయము నర్సు కొకటి, వైద్యుని కొకటి, ఇంజనీరున కొకటి కారాదు.

నిర్బంధముగా పల్లెలకు పంపవలె నని కొందరందురు. ఉద్యోగి తప్పు చేసినపుడు మన్యమునకు బదిలీ చేయుట మన పరిపాలనలో చిరపరిచితమైన యాచారము. శిక్ష పడినవారిని పంపుచోటు శిక్షాస్థలమే యగును. అట్లు పంపినపుడు ఆ యూరివారికి మనము చెప్పకయే చెప్పున దేమి? మీ నడుమ నుండుట శిక్ష యని! మఱి వారు ఏ నేరమునకు జీవితకాలము ఆ శిక్ష ననుభవింపవలెను?

కావున నర్సు పల్లెకు పోదేమి యని యడుగుటకు ముందు, మనమామెకు నేర్పిన విద్య పల్లెకు తగినదేనా యని యడుగవలెను. వందలకొలది పడకలు గల యాసుపత్రిలో, పిలిచినంతనే పలుకు వైద్యుని నీడలో, ఆజ్ఞ ననుసరించుటయే నేర్చిన బాలికను, ఒంటరిగా నొక యుపకేంద్రములో నిలిపి నిర్ణయము చేయు మన్నచో భయపడుట సహజము. ఆమెకు లోపించినది ధైర్యము కాదు. ఆమెను నగరమునకు సిద్ధము చేసి, పల్లెలో లేదేమని వెదకుచున్నాము.

దీనికి మార్గము చూపినవారు కలరు. అమెరికాలోని కెంటకీ కొండలలో 1925లో మేరీ బ్రెకిన్‌రిడ్జ్ అను నామె, గుఱ్ఱములపై పోయి కాన్పులు చేయు నర్సుల సంస్థను స్థాపించెను. బాటలు లేని యా కొండలలో నర్సే వైద్యసహాయమునకు తొలి వాకిలి; తల్లుల మరణములు దేశపు సగటుకంటె మిక్కిలి తగ్గినవి. 1989లో ఆ సంస్థ మఱియొక మార్పు చేసినది. విద్యార్థిని తన యూరు విడువకయే పాఠములు చదివి, సమీపముననున్న యనుభవజ్ఞులకడ చేతిపని నేర్చుకొను నేర్పాటది. ఊరివారినే ఊరిలో చదివించినచో ఊరు విడిచిపోవు నవసరము తగ్గునను చిన్న సత్యము దీనికి మూలము.

అంత దూరము పోనక్కఱలేదు. ప్రాణహిత కావలి గట్టున నున్న గడ్చిరోలి జిల్లాలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు, కొద్దిగా చదువుకొన్న పల్లెస్త్రీలకు నవజాతశిశువుల సంరక్షణము నేర్పిరి. ఆ స్త్రీలు పుట్టిన బిడ్డ యింటికి నెల దినములలో పలుమారులు పోయి, తూకము చూతురు, ఒంటి వెచ్చదనము చూతురు, ఊపిరి లెక్కింతురు, రక్తమున విషము పుట్టు లక్షణములు కనబడినచో మందిత్తురు, సూదియు వేయుదురు. 1993–95 నడుమ వేయింటికి 62గా నున్న నవజాతమరణములు, పని మొదలైన మూడవయేట సుమారు 25కు దిగినవని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రకటింపబడినది. పల్లెస్త్రీ చేతికి సూది యిచ్చుట సాహస మని మనకు తోచవచ్చును. ఇయ్యకుండుట యెంత సాహసమో ఆ యంకెలు చెప్పుచున్నవి.

ఇచ్చట నొక గట్టి యాక్షేపణ కలదు. నగరమునకు పూర్ణవిద్య, పల్లెకు అరవిద్యయా? ధనికునికి వైద్యుడు, పేదకు నర్సా? ఈ ప్రశ్నను తోసివేయరాదు. పల్లెకు ఏదో యొకటి చాలునను బుద్ధి మనలో నున్నమాట నిజము. కాని పరిమితమైన విద్య వేఱు, హీనమైన విద్య వేఱు. కాన్పువిద్యనే లోతుగా నభ్యసించిన నర్సు, సహజప్రసవ విషయమున పెక్కుమంది వైద్యులకు తీసిపోదు. తెలంగాణములో 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనములో నూటికి 60.7 కాన్పులు శస్త్రచికిత్సవలననే జరిగినట్లు తేలినది. ఒకచోట చేయి లేక తల్లి చనిపోవును. ఒకచోట నవసరము లేని కత్తి పడును. ఈ రెండు రోగములకును మందొకటే: ఓర్పుతో కనిపెట్టియుండ నేర్చిన చేయి. తెలంగాణ ప్రభుత్వము 2017లో నర్సులకు కాన్పువిద్యలో ప్రత్యేకశిక్షణము ప్రారంభించుటయు, కేంద్రప్రభుత్వము 2018లో 18 నెలల యట్టి శిక్షణమునకు విధానము ప్రకటించుటయు ఈ త్రోవలోని యడుగులే.

పరిమితవిద్య హీనవిద్య కాకుండుటకు రెండు షరతులు కావలెను. తన చేతికి మించిన కష్టము వచ్చినపుడు రోగిని పెద్ద యాసుపత్రికి చేర్చు సాధన మామెకుండవలెను. 2005లో ఆంధ్రప్రదేశమున మొదలైన 108 బండివంటిది. రెండవది, ఆమె చదువునకు మెట్లుండవలెను. ఏ.ఎన్.ఎం.గా చేరిన బాలిక పట్టభద్రురాలగుటకు దారి లేనిచో, ఆ పదవి కొలువు కాదు, గోతియే.

సేవ యను మాటను ఋణమెగవేతకు వాడుకొనుటకు ‘ఆశ’ కార్యకర్తల కథకంటె వేఱు నిదర్శన మక్కఱలేదు. 2005లో ఈ పథకము వచ్చినపుడు వారిని స్వచ్ఛందసేవికలని పిలిచి, జీతము బదులు పనికింత యని పారితోషిక మేర్పఱచిరి. 2022లో ప్రపంచారోగ్యసంస్థ వారిని సన్మానించినది. దేశమంతయు కరతాళధ్వనులు చేసినది. ఆంధ్రప్రదేశము 2019లో నెలకు 10,000 రూపాయలు నిర్ణయించుటవంటి మేళ్లును జరిగినవి. అయినను న్యాయమైన జీతముకొఱకు వారు వీథుల కెక్కవలసివచ్చినది. దేవత యన్నవారికి జీత మడుగు హక్కుండదు గాబోలు!

ప్రభుత్వము చేయవలసినవి ప్రభుత్వము చేయవలెను. గృహస్థులమైన మనకును ఒక పాలు కలదు. సూది వేయుటకు నర్సు మన యింటికి వచ్చినపుడు ఆమెను ఎక్కడ కూర్చుండబెట్టుదుము? ఏ గ్లాసుతో మంచినీళ్లిత్తుము? ఆమె మన యూరికి బదిలీయై వచ్చి యిల్లద్దె కడిగినపుడు, కుల మడుగక యిత్తుమా? రాత్రివేళ కాన్పునకు పోయివచ్చిన నర్సును గూర్చి అరుగుపై పుట్టిన గుసగుసను ఖండింతుమా? మన కుమారునికి నర్సు సంబంధము వచ్చినపుడు, ఆమె జీతమునే గాక పనిని కూడ మెచ్చుకొందుమా? మన కుమార్తె తానే యీ చదువు కోరినచో, “అంత మార్కులు తెచ్చుకొని యిదేమి ఖర్మ” మనకుండ నుండగలమా? మగపిల్లవాడు కోరినచో నవ్వకుండగలమా?

ఈ ప్రశ్నలకు మన యిండ్లలో సరియైన యుత్తరము దొరకునంతవఱకు, ఎన్ని కళాశాలలు కట్టినను పల్లెకు నర్సు రాదు, వచ్చినను నిలువదు. త్యాగమును కోరుటకు ముందు ఋణమును తీర్చుట సభ్యుల లక్షణము. జీతము, మర్యాద, నిర్ణయాధికారము, తలదాచుకొనుట కొక యిల్లు ఇచ్చినపిమ్మట, త్యాగము చేయువారు తమంతట తాము చేయుదురు. అప్పుడు దానిని సేవ యని మనము నిస్సంకోచముగా పిలువవచ్చును.