లోటు ఎవరిది?

ఇంటి జమాఖర్చులో లోటు వచ్చినపుడు గృహిణికి మూడు మార్గములు కలవు. ఖర్చు తగ్గించును, రాబడి పెంచుకొన యత్నించును, రెండును కుదరనిచో అప్పు తెచ్చును. నాలుగవ మార్గమును ఒకటి కలదు. ఇంటిలో నోరులేనివారి కంచమునుండి వారికి తెలియకుండ కొంత తీయుట. దీనిని ఏ గృహిణియు ఉపాయమని చెప్పుకొనదు. రాజ్యముల విషయమున మాత్రము ఈ నాలుగవదానికే నేర్పు అను పేరు వచ్చినది. ఈ పేరు తగునా తగదా యని చదువరులతో కలసి ఆలోచింపగోరుచున్నాము.

మా యొద్ద చదువుకొన్న యువకుడొకడు తొలిసారి శాసనసభకు ఎన్నికై, కొంతకాలము క్రిందట మమ్ము చూడవచ్చెను. రాష్ట్ర ఆదాయవ్యయముల పుస్తకములు అతని చేతనుండెను. రాబడికిని వ్యయమునకును ఇంత అంతరమున్నదే, దీనిని ఎట్లు పూడ్చెదవని అడిగితిమి. అతడు తడుముకొనలేదు. "జనానికి నొప్పి తెలియకుండా రాబట్టాలి మాస్టారూ. పన్ను అన్నామంటే మా పని అయిపోయినట్టే. మద్యం మీద నాలుగు రూపాయలు పెంచితే అడిగేవాడు లేడు. తాగేవాడు తన ఇష్టంతోనే తాగుతున్నాడు గదా!" అనెను. ఇతడు దుర్మార్గుడు కాడు. తన నియోజకవర్గములోని బడులకు గదులును, ఆసుపత్రికి మందులును కావలెననియే అతని తాపత్రయము.

అతని చిక్కు కల్పితమును కాదు. 2017 జూలై 1వ తేదీన వస్తుసేవల పన్ను వచ్చిన పిమ్మట రాష్ట్రములు తామై విధించుచుండిన పన్నులు పెక్కు అందులో కలిసిపోయినవి. త్రాగెడు మద్యము, పెట్రోలు, డీసెలు వెలుపల మిగిలినవి. వీనికితోడు స్టాంపు రుసుములు, వాహనముల పన్ను మున్నగునవి రాష్ట్రముల చేతిలోనున్నవి. అప్పు తెత్తమన్నను, కేంద్రమునకు బాకీపడియున్న రాష్ట్రము దాని సమ్మతి లేక క్రొత్త ఋణము తేరాదని రాజ్యాంగము 293వ అధికరణము చెప్పుచున్నది. జీతములు, పింఛనులు, పాత అప్పులపై వడ్డీ తగ్గింపరానివి. కావున క్రొత్త సభ్యుడు చీకటిలో చేయి చాపినచో మొదట తగులునది సీసాయే.

ఈ సమస్య నేటిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున కోశాభిసంహరణమను ప్రకరణము కలదు. బొక్కసము వట్టిపోయినపుడు రాజు దానిని ఎట్లు నింపుకొనవలెనో అందు చెప్పబడినది. ప్రజలను అదనముగ అడుగవచ్చును గాని ఒక్కమారే అడుగవలెను, రెండవమారు కూడదని అచ్చట నియమము. ఆ ప్రకరణమందే, రాత్రికి రాత్రి ఒక దేవతను వెలయించి, వింత చూడవచ్చినవారి కానుకలను రాజు గ్రహింపవచ్చునని మరియొక ఉపాయమును కలదు. మొదటిది అడిగి తీసికొనుట. రెండవది నమ్మించి తీసికొనుట. డబ్బు రెండింటను ఒకటే. ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని నడుమనుండు సంబంధము మాత్రము ఒకటి కాదు. 1776లో ఆడం స్మిత్తు పన్నులకు చెప్పిన నాలుగు సూత్రములలో, చెల్లించువానికి తాను ఎంత, ఎపుడు, ఎట్లు చెల్లించుచున్నాడో స్పష్టముగ తెలియవలెననునది ఒకటి. మా శిష్యుని "నొప్పి తెలియకుండా" అను మాట దీనికి సరిగా ఎదురు.

అడిగి తీసికొనుట అసాధ్యమా? 1937లో మదరాసు రాష్ట్రమున రాజగోపాలాచారిగారి మంత్రివర్గము ఆ సంవత్సరము అక్టోబరు 1న సేలము జిల్లాలో మద్యనిషేధము ఆరంభించెను. మరుసటి యేడు మన చిత్తూరు, కడప జిల్లాలకు దానిని విస్తరించిరి. ఆబ్కారీ ఆ రాష్ట్రపు పెద్ద ఆదాయములలో ఒకటి. ఆ లోటు పూడ్చుటకై 1939లో అమ్మకపు పన్ను చట్టము చేసిరి. వర్తకులు గోలపెట్టిరి. ఆ పన్ను తుదకు కొనువానిపైననే పడును గాన బీదలకును తగిలెననుట సత్యము. అయినను, ఈ రాబడిని వదలుకొనుచున్నాము, దానికి బదులుగ దీనిని మిమ్ము అడుగుచున్నాము అని ప్రజలయెదుటనే చెప్పిరి. ప్రజలు తిట్టుటకైనను వారికి ఒక వస్తువు దొరికినది.

రెండవ ఉదాహరణము మనకు ఇంకను దగ్గరిది. 1992 నాటికి నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తమ ఊరిలో సారా అమ్మకము మాన్పించి, ఆ కబురు రాష్ట్రమంతట ప్రాకుటకు కారణమైరి. రాత్రిబడులలో అక్షరములు నేర్చుచు, అచ్చటి పాఠములవలననే తమ సంసారముల స్థితిని వారు తరచి చూచుకొనిరి. ఆ బడులు ప్రభుత్వమువారివి. సారా ఆదాయమును ప్రభుత్వమువారిదే. ఒక చేతితో నేర్పిన చదువు రెండవ చేతిని పట్టుకొని నిలదీసినది. 1993 అక్టోబరులో సారా నిషిద్ధమయ్యెను, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చెను, 1997లో సడలింపబడెను. దొంగరవాణా ఒక కారణముగను, బొక్కసములోని లోటు మరియొక కారణముగను చెప్పిరి. 2019లో దశలవారి నిషేధమను మాట మరల వినబడెను. ప్రభుత్వమే అంగళ్లు నడిపెను. 2024 అక్టోబరులో అవి మరల ప్రైవేటువారి చేతికి పోయెను. పక్షములు మారినవి, సీసాపై ఆధారము మారలేదు.

మేము నిషేధమును సమర్థించుటకై ఇది వ్రాయుటలేదు. చట్టముతో త్రాగుడు మానునా యను ప్రశ్న వేరు. మా ప్రశ్న ఇంతియే: ప్రజల వ్యసనముపై నిలుచు రాజ్యము ఆ వ్యసనము తగ్గవలెనని మనసార కోరగలదా? మద్యము మానుడని గోడలపై వ్రాయించు ప్రభుత్వమే, జనులు నిజముగ మానిరేని, మరుసటి యేటి లెక్కలో దానిని నష్టముగ వ్రాసికొనవలసివచ్చును.

త్రాగువాడు తన ఇష్టముతోనే త్రాగుచున్నాడనిరి. కావచ్చును. చెల్లించునది మాత్రము అతడొక్కడే కాదు. మా తరగతిలో కూలివాని కుమారుడొకడు కలడు. ప్రభుత్వము అతనికి పాఠ్యపుస్తకములు ఉచితముగ నిచ్చినది. వాని వెల ఆ పిల్లవాని తండ్రి ఎన్ని రాత్రులనుండియో చెల్లించుచునే యున్నాడు. తల్లి అన్నపుకుండలోనుండి చెల్లించుచున్నది. పిల్లవాడు మాత్రము ఉచితమని నమ్మి, మాకు నమస్కరించి పుస్తకము పుచ్చుకొనెను. ఆ బొక్కసమునుండియే మాకును నెలనెలా జీతము వచ్చుచున్నది. అందు ఆ తల్లి పాలు ఎంతయో మేమెన్నడును లెక్కవేసికొనలేదు.

ఈ మాటలన్నియు శిష్యునితో చెప్పి, భరింపగలవారిని బహిరంగముగ అడుగుట నీ ధర్మము, స్థలములును మేడలును గలవారు ఊరినిండ ఉన్నారు గదా యంటిమి. అతడు సావధానముగ విని, "ఊళ్లో ఆ మాటంటే ఓడిపోతానండీ" అనెను. పిదప కొంత సంకోచించి, "ఏమీ అనుకోకండి మాస్టారూ, మీరు ఈ ఇల్లు ఎంతకు కొన్నారు? రిజిస్ట్రేషను ఎంతకు చేయించారు?" అని అడిగెను.

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఇచ్చిన వెల ఒకటి. దస్తావేజులో వ్రాయించిన వెల ఒకటి. అందరును అట్లే చేయుదురని వ్రాతగాడు చెప్పగా, మేము మారుమాటాడక సంతకము చేసితిమి. ఆనాడు మేము మిగుల్చుకొన్న స్టాంపు రుసుము రాష్ట్రపు లెక్కలో లోటయినది. ఆ లోటు ఎచ్చటనో పూడవలెను గదా. మా శిష్యుడు చెప్పిన చోటనే పూడినది కాబోలు.

క్రొత్త సభ్యుని సలహా తప్పని మేము ఇప్పటికిని అనుచున్నాము. కాని ఆ సలహాను అతనికి నేర్పినవారము మనమే. తెలియకుండ తీసికొనుమని ప్రభుత్వమును ప్రోత్సహించునది, తెలిసి ఇచ్చుటకు మనకు గల అయిష్టమే. రోడ్లు కావలెను, బడులు కావలెను, పన్ను మాత్రము వలదని మనము పట్టుబట్టినంతకాలము శాసనసభలో ఎవరు కూర్చుండినను చేయి సీసా వైపే పోవును. లోటును నిజముగ పూడ్చునది మొదట దానిని ఒప్పుకొనుట. ఆ ఒప్పుకోలు శాసనసభలో కంటె ముందు మన దస్తావేజులలో కనబడవలెను.

అతడు సెలవు తీసికొని పోవునపుడు ఇంతమాత్రము చెప్పితిమి: "నువ్వు సభలో అడుగు నాయనా. అడిగినవాడు ఓడిపోకుండా చూసుకోవలసింది మేము."