అమ్మవారి కళ్ళు ఎవరివి?

ఫిల్మ్ నగర్‌లో మా ఆఫీసు రెండో అంతస్తులో ఉంటుంది. కిటికీ తీస్తే దైవసన్నిధానం గంట వినపడుతుంది. కొత్త సినిమాకి కొబ్బరికాయ కొట్టే రోజున రోడ్డు పొడుగునా కార్లే. పన్నెండేళ్ళుగా ఇక్కడ స్టోరీబోర్డులు, కాన్సెప్ట్ బొమ్మలు వేస్తున్నాను. సెట్టు వేయకముందే, నగలు చేయించకముందే ఆ సినిమా లోకం ఎలా ఉంటుందో బొమ్మలో చూపించడం నా పని. దేవుళ్ళని వేశాను, రాక్షసుల్ని వేశాను. ఒక్క ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. దేవుడి ముఖం ఎక్కణ్ణుంచి వస్తుంది? నేను వేస్తున్నానా, నాచేత ఎవరైనా వేయిస్తున్నారా?

"నేను నిమిత్తమాత్రుణ్ణి" అనడం మన పెద్దల జవాబు. పోతన అంతటివాడు తనచేత పలికించేవాడు రామభద్రుడేనని భాగవతం మొదట్లోనే చెప్పుకున్నాడు. గజేంద్రమోక్షంలో ఒక పద్యం దగ్గర ఆయనకి సాగక లేచి వెళ్ళిపోతే, రాముడే ఆయన రూపంలో వచ్చి పూర్తి చేశాడన్న కథ మా తాతయ్య పదేపదే చెప్పేవాడు. చిన్నప్పుడు నాకు ఆ కథలో రాముడు రావడం నచ్చేది. ఇప్పుడు పోతన ఆగిపోవడం నచ్చుతోంది. వైకుంఠాన్ని ఊహించబోయాడు, అందలేదు. అందినట్టు ఏదో ఒకటి రాసి పారేయకుండా గంటం కింద పెట్టాడు. రాముడు వచ్చింది అప్పుడు.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. బాపు గారు పుట్టిన నరసాపురం మాకు పక్కనే. ఆయన ప్రతి షాటునీ ముందు బొమ్మగా గీసుకుని గానీ సెట్టు మీదికి వెళ్ళేవారు కాదని ఈ వీధుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. డెబ్భైల మొదట్లో 'సంపూర్ణ రామాయణం' తీశారు, 1976లో 'సీతా కల్యాణం' తీశారు, మళ్ళీ 2011లో 'శ్రీరామరాజ్యం' తీశారు. మధ్యలో ఆయన గీసిన రాముళ్ళకి లెక్కలేదు. ఒక మనిషి ఒకే ముఖాన్ని అన్నేళ్ళు ఎందుకు గీస్తాడు? ఎన్నిసార్లు గీసినా ఇంకా ఏదో మిగిలిపోతుంది కాబట్టి. నాకు తెలిసినంతలో భక్తి అంటే అదే.

ఇంకోవైపు చూస్తే, మన పూజగదుల్లో ఉన్న ముఖాలన్నీ ఎవరో ఒక మనిషి దగ్గర అరువు తెచ్చుకున్నవే. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టాక లక్ష్మి, సరస్వతి కేలండర్లై ఇంటింటికీ వచ్చారు. ఆ దేవతలకి ముక్కూ మొహం ఇచ్చింది ఆయన ఎదుట కూర్చున్న ఆడవాళ్ళే. 1963లో 'లవకుశ' చూసిన మా నాయనమ్మకి కళ్ళు మూసుకుంటే రామారావు గారే రాముడు. ఆవిడ దండం మాత్రం రాముడికే చేరిందని నా నమ్మకం.

శుక్రనీతి ఇంకోలా చెబుతుంది. దేవతామూర్తిని ధ్యానంలో చూసి చెయ్యాలట. దేవుడి బొమ్మ అంత బాగా కుదరకపోయినా మేలేనట, మనిషి బొమ్మ ఎంత బాగా కుదిరినా మేలు కాదట. పెద్దల మాట మీద గౌరవం ఉంది. కానీ మనిషిని చూడకుండా దేవుడి కన్ను వేయడం నాకు చేతకాలేదు.

మూడేళ్ళ కిందట ఒక సినిమాకి గ్రామదేవతని వేయమన్నారు. భుజాల దాకా చాలు, ముఖమే ముఖ్యం అన్నారు. పెద్దమ్మ గుడికి వెళ్ళి కూర్చున్నాను. పాత కేలండర్లన్నీ తిరగేశాను. ఇరవై రెండు ముఖాలు వేశాను. డైరెక్టర్ గారు అన్నీ చూసి, "బాగున్నాయి గానీ, ఈవిడ నన్ను చూడటం లేదండీ" అన్నారు. నిజమే. ఏ బొమ్మా ఎవరినీ చూడటం లేదు. పెన్ను పక్కన పెట్టేశాను.

కృష్ణానగర్‌లో పొద్దున్నే జూనియర్ ఆర్టిస్టులు షూటింగ్ వ్యాన్ల కోసం కూర్చుంటారు. ఒక రోజు నేను టీ తాగే బండి పక్కన అరవై ఏళ్ళావిడ మెట్టు మీద కూర్చుని ఉంది, ఒళ్ళో స్టీలు టిఫిన్ డబ్బా. గుడి సీన్లలో భక్తురాలు, పెళ్ళి సీన్లలో ముత్తైదువ. వ్యాను ఆగినప్పుడల్లా తలెత్తి చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు, కోపం లేదు. పిలిస్తే వస్తాను, లేకపోతే రేపు ఇక్కడే ఉంటాను అన్నట్టుంది. ఎడమ కంటి రెప్ప కొద్దిగా కిందికి వాలి ఉంది. చెంపల ముడతల్లో పసుపు మిగిలింది. జేబులో పుస్తకం తీసి గీసేసుకున్నాను. ఆవిణ్ణి అడగలేదు.

విగ్రహానికి కళ్ళు తెరిచే నేత్రోన్మీలనం శిల్పులు చివర్న చేస్తారు. నేను ఆ రాత్రి కళ్ళతోనే మొదలుపెట్టాను. తెల్లవారుజామున మూడింటికి బొమ్మ పూర్తయింది. తప్పులు పట్టుకోవడానికి మేము మధ్యమధ్యలో బొమ్మని అద్దంలోలా తిప్పి చూసుకుంటాం. అలా తిప్పి, మళ్ళీ మామూలుగా తిప్పడం మర్చిపోయి పంపించేశాను. పొద్దున్నే డైరెక్టర్ గారు ఫోన్ చేసి, "చూసిందండీ" అన్నారు. ఆఫీసులో అందరూ సంతోషించారు. నేనే లోపల్లోపల నలిగాను. దేవరుణం, ఋషిరుణం, పితృరుణం అంటూ మూడు చెప్పారు మనవాళ్ళు. అడక్కుండా తీసుకున్న ముఖానికి ఏ రుణం?

నెల తర్వాత ప్రింటు తీయించి, ఆఫీసులో అనుమతి తీసుకుని, ఆవిడ ఇంటికి పట్టుకెళ్ళాను. ఒకే గది. గోడకి దేవుళ్ళ పటాలు, పక్కన చిన్న అద్దం. "అమ్మా, మిమ్మల్ని చూసి వేశాను, అడక్కుండా వేశాను, తప్పయింది" అన్నాను. బొమ్మ దీపం దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

"నేనే నాయనా. అద్దంలో చూసుకున్నట్టే ఉంది" అంది. మళ్ళీ చూసి, "అది సరే గానీ, అమ్మవారికి పైట కుడి భుజం మీద వేశావేంటి?" అంది.

ఆఫీసులో అంతమంది చూశారు, ఒక్కరికీ కనపడలేదు. బొమ్మ తిరగబడి ఉంది. వాలిన రెప్ప కూడా కుడివైపుకి వచ్చేసింది. అందుకే ఆవిడకి అది అచ్చంగా తన ముఖంలా కనపడింది. తన ముఖం ఆవిడకి తెలిసింది అద్దంలోనే కదా! సరిగ్గా కుదిరింది దేవుడిది, తప్పు నాది అని లెక్క కట్టుకుని వెళ్ళినవాణ్ణి. ఆ గదిలో నిలబడితే ఆ లెక్క కూడా నిలవలేదు. నేను చేసిన తప్పే ఆవిడకి ఆవిణ్ణి చూపించింది.

"అడిగితే కూర్చునేదాన్ని కదా" అంది, మజ్జిగ ఇస్తూ.

ఆ రాత్రే పైట సరిచేసి ఆఫీసుకి పంపాను. ఆవిడ గోడ మీద పాత బొమ్మే ఉంది. మార్చి ఇస్తానంటే వద్దంది. అప్పట్నుంచి ఎవరి ముఖం గీయాలన్నా ముందు అడుగుతున్నాను. పూర్తయ్యాక మొదట వాళ్ళకే చూపిస్తున్నాను, డైరెక్టర్ గారికి ఆ తర్వాతే.