అక్క లేని వ్యాసం

పోయిన సెప్టెంబర్‌లో మా టీమ్‌లో పనిచేసే ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి, "అన్నా, ఎంబీఏకి అప్లై చేస్తున్నా, రికమెండేషన్ లెటర్ ఇస్తారా?" అని అడిగింది. సంతోషంగా ఒప్పుకున్నాను. మంచి ఇంజనీరు, నాలుగేళ్ళుగా నాతో పనిచేస్తోంది. ఏమేం రాయాలో పాయింట్లు పంపమన్నాను. రెండ్రోజుల తర్వాత వచ్చినవి పాయింట్లు కావు, రెండు పేజీల ఉత్తరం. కింద నా పేరు, నా హోదా. సంతకం ఒక్కటే తక్కువ.

చదువుతుంటే చిత్రంగా అనిపించింది. నేను ఎప్పుడూ అనని మాటలు నేనే అన్నట్టు ఉన్నాయి. మేం ముగ్గురం రాత్రంతా కూర్చుని సరిచేసిన ఒక ప్రొడక్షన్ సమస్యను ఆమె ఒక్కతే పరిష్కరించినట్టు, నేను పక్కన నిలబడి ఆశ్చర్యపోయినట్టు ఉంది. అభ్యర్థికి మీరిచ్చిన ముఖ్యమైన సలహా ఏమిటి, దాన్ని ఆమె ఎలా తీసుకుంది అని చాలా బిజినెస్ స్కూళ్ళు అడుగుతాయి. దానికి జవాబు: పనంతా తనే నెత్తినేసుకుంటుంది, నేను చెప్పాక మారింది. లోపం కూడా సుగుణంలాగే ఉంది.

నాకు కోపం రావాలి. రాలేదు. ఆరేళ్ళ క్రితం నేనూ ఇదే చేశాను కాబట్టి. మా మేనేజర్ "నువ్వే రాసి పంపవయ్యా, అప్‌లోడ్ చేసేస్తా" అన్నాడు. ఆయన దృష్టిలో అది సాయం. నా దృష్టిలోనూ అంతే. ఆ ఉత్తరం గురించి నాకు పెద్దగా బాధ లేదు. ఇప్పటికీ గుచ్చుకునేది దానితోపాటు పంపిన వ్యాసం.

*

స్టాన్‌ఫర్డ్ బిజినెస్ స్కూల్ ఏళ్ళ తరబడి అభ్యర్థుల్ని ఒక ప్రశ్న అడుగుతోంది: మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏమిటి, ఎందుకు? ఏ గురువో శిష్యుణ్ణి తీరిగ్గా అడగాల్సిన ప్రశ్న అది. కానీ జవాబుకు సీటు ముడిపెట్టాక నిజంగా ముఖ్యమైనదేదో ఎవరూ వెతుక్కోరు, ఏది చెబితే సీటొస్తుందో వెతుక్కుంటారు. నేను అప్లై చేసింది వేరే స్కూలుకి. ప్రశ్న మాత్రం ఇలాంటిదే.

నేను రాసింది మా నాన్న ఎరువుల దుకాణం గురించి. నేను ఇంజనీరింగ్ రెండో ఏడులో ఉండగా వరసగా రెండేళ్ళు పంటలు పోయాయి. అరువిచ్చిన సరుకు డబ్బులు తిరిగి రాలేదు. దుకాణం మూసేసే పరిస్థితి. అప్పుడు మా అక్క డిగ్రీ మధ్యలో మానేసి దుకాణంలో కూర్చుంది. ఖాతా పుస్తకాలు ముందేసుకుని, ఎవరు ఇవ్వగలరో ఎవరు నిజంగానే ఇవ్వలేరో విడదీసింది. ఇవ్వగలిగినవాళ్ళ ఇళ్ళకు తనే వెళ్ళింది. డిస్ట్రిబ్యూటర్లతో గడువు మాట్లాడింది. మూడేళ్ళకు దుకాణం నిలదొక్కుకుంది. ఆ మూడేళ్ళూ నా ఫీజులు ఆ గల్లాపెట్టెలోంచే వచ్చాయి. నేను చేసిందల్లా సెలవులకు వెళ్ళినప్పుడు ఖాతాలు ఎక్సెల్‌లోకి ఎక్కించడం.

మొదటి డ్రాఫ్ట్‌లో ఇదంతా ఉన్నదున్నట్టు రాశాను. నెల జీతంలో సగం తీసుకున్న కన్సల్టెంట్ చదివి, "కథ బావుంది. కానీ ఇందులో హీరో మీ అక్కగారు. సీటు ఆవిడకి కాదుగా," అన్నాడు. రెండో డ్రాఫ్ట్‌లో అక్క 'కుటుంబ సభ్యులు' అయింది. మూడోదాంట్లో లేదు. నా ఎక్సెల్ షీటు 'క్రెడిట్ రిస్క్ వ్యవస్థ' అయింది. పట్టుకుని ఇది అబద్ధం అని చూపించడానికి అందులో ఒక్క వాక్యం దొరకదు. ఇంగ్లీషులో 'వి' ఉన్నచోట 'ఐ' పెట్టాను, అంతే.

ఒకరోజు అక్క ఫోన్ చేసి, "మన దుకాణం గురించి రాశావంటగా, చదివి వినిపించరా," అంది. ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగులో చెబుతూ చదివాను. చెబుతున్నప్పుడు అక్కను మళ్ళీ లోపల పెట్టాను. "నా గురించి ఇంత గొప్పగా రాశావేంట్రా," అని నవ్వింది.

ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. సీటు రాలేదు.

*

తప్పు నాది. కన్సల్టెంట్ మీదికో స్కూలు మీదికో తోసేసే ఉద్దేశం లేదు. కానీ ఇంత సులువుగా, ఇంతమంది, ఇంత మంచివాళ్ళు కూడా ఒకే తప్పు చేస్తున్నప్పుడు, ఆ తప్పు చేయించే పద్ధతి గురించి కూడా అడగాలి కదా. ఏ పనీ ఒక్కరే చేయని చోట ఒక్కరి కథ అడిగితే మిగతావాళ్ళను చెరిపేయక తప్పదు. ఎంత నేర్పుగా చెరపగలమన్నది డబ్బును బట్టి ఉంటుంది. సిటీలో పెరిగి, కన్సల్టెంట్‌కి ఫీజు కట్టగలిగినవాళ్ళు బాగా చెరుపుతారు. మా ఊరివాళ్ళు అక్కను ఉంచేసి ఓడిపోతారు.

మన ఐఐఎంల పద్ధతి మేలని చాలామంది అంటారు. అక్కడ కథలు తక్కువ, అంకెలు ఎక్కువ. కొంతవరకు నిజమే. చాలా ఐఐఎంలలో వ్యాసం అక్కడికక్కడ ఇచ్చిన విషయం మీద, వాళ్ళ ముందే రాయాలి. ఇంకొకరు రాసిపెట్టడం కుదరదు. కానీ అంకెలు కూడా ఎవరో ఎంచుకున్నవే. ఇప్పుడు ఏటా 3 లక్షల మంది దాకా క్యాట్ రాస్తున్నారు. పైమెట్టున ఉన్న ఒక్కో ఐఐఎంలో సీట్లు కొన్ని వందలు. అక్కడ ఒక ప్రశ్న అటో ఇటో అయితే పర్సెంటైల్ మారిపోతుంది. దానికి తోడు పెద్ద ఐఐఎంలు పదో తరగతి, ఇంటర్ మార్కులకూ లెక్క వేస్తాయి. ఇరవై మూడేళ్ళ మనిషికి తలుపు తెరవాలో లేదో పదిహేనేళ్ళప్పటి మార్కులు చూసి నిర్ణయించడం అన్నమాట. 2020లో, 2021లో కోవిడ్ వల్ల మన రెండు రాష్ట్రాల్లోనూ పదో తరగతి పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. అప్పటి పిల్లలు ఇప్పుడు బీటెక్ ముగించి ఈ ఫారాలు నింపే వయసుకొచ్చారు. జరగని పరీక్ష కూడా వాళ్ళ ప్రతిభలో భాగమే.

జల్లెడ మారితే ప్రతిభ కూడా మారుతుంది. ఐఐఎం కోజికోడ్ తన లెక్కల్లో మార్పులు చేసినప్పుడు, 2013లో చేరిన బ్యాచ్‌లో అమ్మాయిలు సగానికి మించారు. అంతకుముందు పెద్ద ఐఐఎంల తరగతుల్లో మగ ఇంజనీర్లే కిక్కిరిసి ఉండేవాళ్ళు. దేశంలో తెలివి ఒక్క ఏడాదిలో చేతులు మారలేదు. కన్నాల సైజు మారిందంతే.

*

నా వృత్తిలో ఒక అలవాటుంది. ఏ సిస్టమ్ అయినా తప్పు చేస్తే అది చేసిన తప్పు దానికి తెలుస్తుందా అని చూస్తాం. అడ్మిషన్ కమిటీకి తెలిసే దారి లేదు. తీసుకున్నవాళ్ళు బాగా చదివితే మా ఎంపిక గొప్పదంటుంది. తీసుకోనివాళ్ళు ఏమై ఉండేవాళ్ళో ఎప్పటికీ చూడదు.

అనుకోకుండా ఒక్కసారి చూడగలిగారు, బిజినెస్ స్కూల్లో కాదు గానీ వైద్యంలో. 1979లో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన హ్యూస్టన్ మెడికల్ స్కూల్ ఇంటర్వ్యూలు చేసి 150 మందిని ఎంచుకుంది. ఆ తర్వాత రాష్ట్ర శాసనసభ ఇంకో 50 మందిని చేర్చుకోమంది. అప్పటికి మిగిలినవాళ్ళు ఇంటర్వ్యూ ర్యాంకుల్లో అట్టడుగున ఉన్నవాళ్ళే. వాళ్ళనే తీసుకున్నారు. తర్వాత చదువులోనూ ఆస్పత్రి శిక్షణలోనూ రెండు గుంపుల్నీ పోల్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 1987లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఈ పరిశీలన వచ్చింది.

చదవగలిగేవాళ్ళెవరో, చదవలేనివాళ్ళెవరో పరీక్షలు చాలావరకు చెప్పగలవు. చదవగలిగే వెయ్యిమందిలో 'గొప్ప' రెండొందల మంది ఎవరన్నది మాత్రం ఇంటర్వ్యూ బల్ల అవతల కూర్చున్నవాళ్ళకి తెలియదు, తెలిసినట్టు కూర్చుంటారు. అందుకే అర్హత గీత దాటినవాళ్ళందరి పేర్లతో లాటరీ తీయాలన్న మాట నాకు రానురాను నచ్చుతోంది. ఇది నా సొంత ఊహ కాదు. మైకేల్ శాండెల్ 2020లో వచ్చిన 'ద టిరనీ ఆఫ్ మెరిట్'లో పేరున్న విశ్వవిద్యాలయాలకు ఇదే సూచించాడు. నెదర్లాండ్స్‌లో 1970ల నుంచి వైద్య సీట్లకు లాటరీ ఉండేది, మార్కులు బావున్నవాళ్ళకు అవకాశం కాస్త ఎక్కువగా. 2017లో అది తీసేసి ఎంపికలు పెట్టారు. కొన్నేళ్ళకే, మళ్ళీ లాటరీ వాడుకోవడానికి అనుమతిచ్చారు.

లాటరీ అనగానే "కష్టపడి చదివిన పిల్లల జీవితాలతో జూదమా?" అంటారు. తెలుగువాళ్ళకి ఈ జూదం కొత్తేమీ కాదు. హెచ్-1బి కోసం మనలో ఎన్ని ఇళ్ళు ఏళ్ళ తరబడి మార్చి నెలాఖరున ఫోన్లు పట్టుకుని కూర్చోలేదు? పేరు రానివాళ్ళు బాధపడ్డారు, కొందరి జీవితాలు తలకిందులయ్యాయి. కానీ 'నాలో లీడర్‌షిప్ లేదు' అని ఎవరూ అనుకోలేదు. పేరు వచ్చినవాళ్ళు కూడా తమ వ్యక్తిత్వం వల్ల వచ్చిందని చెప్పుకోలేదు. లాటరీలో ఓడితే అదృష్టం లేదనుకుంటాం. వ్యాసాలూ ఇంటర్వ్యూలూ దాటి ఓడితే మనిషిగానే తక్కువనుకుంటాం. నేను రెండు రకాలుగానూ ఓడాను కాబట్టి తేడా తెలుసు.

లాటరీలోనూ మోసం చేస్తారు. 2023లో 85 వేల హెచ్-1బిలకి ఏడున్నర లక్షలకు పైగా రిజిస్ట్రేషన్లు వచ్చాయి. అందులో సగానికి పైగా ఒకే మనిషి పేరు రెండుమూడు కంపెనీలు పెట్టినవే. మరుసటేడు మనిషికి ఒక్క చీటీయే అని నియమం మార్చారు, సంఖ్య బాగా పడిపోయింది. లాటరీలో మోసాన్ని లెక్కపెట్టొచ్చు, సరిచేయొచ్చు. వ్యాసంలోంచి అక్క మాయమైతే ఎవరు లెక్కపెడతారు?

కాబట్టి నా మాట ఇది. పరీక్ష ఉండాలి, గీత దాటారా లేదా చెప్పడానికి. ఇంటర్వ్యూ ఉండాలి, ర్యాంకు ఇవ్వడానికి కాదు, చదువుకు సిద్ధంగా ఉన్నారా లేదా చూడటానికి. పదో తరగతి మార్కులు తీసేయాలి. ఉత్తరాల బదులు స్కూలువాళ్ళే పైఅధికారికి పది నిమిషాలు ఫోన్ చేసి, కలిసి చేసిన ఒక పని గురించి అడగాలి. ఆ తర్వాత చీటీ తీయాలి. దీంతో ఫీజులు తగ్గవు, ఊళ్ళో పిల్లలకి ఇంగ్లీషు రాదు. గీత దాటడానికి నేను అప్పుడూ అబద్ధం ఆడేవాణ్ణేమో. కానీ గీతకి అందరికన్నా గొప్ప కథ అక్కర్లేదు. సరిపడా కథ చాలు. అందులో అక్కకు చోటుంటుంది.

*

మా టీమ్ అమ్మాయి ఉత్తరం మీద నేను సంతకం పెట్టలేదు. రెండు ఆదివారాలు కూర్చుని నేనే రాశాను. ఆ రాత్రి మేం ముగ్గురం ఉన్నామని రాశాను. మూడింటికి నేనూ ఇంకో సీనియరూ ఎవరి మాట నెగ్గాలో అని వాదించుకుంటుంటే, "ముందు పాత వెర్షన్‌కి వెళ్ళిపోదాం, తర్వాత కొట్టుకోండి," అన్నది ఆమేనని రాశాను. తను రాసుకున్నదాంట్లో అది లేదు. ఒత్తిడిలో జూనియర్ల మీద విసుక్కుంటుందని కూడా రాశాను. ఇవన్నీ ముందే ఆమెకు చెప్పాను, వద్దంటే ఇంకొకరిని అడగమన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మిగతావాళ్ళ మేనేజర్లు ఇలా రాయరు కదన్నా. మీ నిజాయితీకి ఖర్చు నాది," అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. నేను అప్లై చేసినప్పుడు అబద్ధం ఆడి, ఇప్పుడు ఆమె వంతు వచ్చేసరికి నిజం మొదలుపెట్టడంలో న్యాయమెంత? మరునాడు ఆమే వచ్చి "పంపించేయండన్నా," అంది. మూడు స్కూళ్ళలో ఒకటి ఇంటర్వ్యూకి పిలిచింది, రెండు వద్దన్నాయి. నా ఉత్తరం సాయం చేసిందో చెడగొట్టిందో మాకిద్దరికీ ఎప్పటికీ తెలియదు.

నా పాత వ్యాసంలో ఏముందో అక్కకు ఇంకా చెప్పలేదు. ఇది తెలుగులో రాశాను కాబట్టి, ఈసారి నేను చదివి వినిపించాల్సిన పని లేదు.