తన్ను తానెరుగుట



మన బెంగుళూరు పేటలో పలు వీధుల పేర్లు వృత్తుల పేర్లే. గాజులకు బళేపేట, బియ్యమునకు అక్కిపేట, ప్రత్తికి అరళెపేట, కుమ్మరులకు కుంబారపేట. ఎవరి పని వారికి బాగుగా తెలియును. గాజును తట్టి, చప్పుడును బట్టి పగులు చెప్పగల వర్తకులుందురు. కాని తన మనసులోని పగులును తానే చెప్పగలవారెందరు?

ఈ చింతతోనే సుమారు 2400 ఏండ్ల క్రిందట గ్రీసు దేశపు ఏథెన్సు నగరమున సోక్రటీసు అను జ్ఞాని వీధులు తిరిగెను. ఆ దేశమున డెల్ఫీ అను క్షేత్రము గలదు. అచటి ఆలయమున 'నిన్ను నీవెరుగుము' అని చెక్కియుండెను. సోక్రటీసు మిత్రుడొకడు అచటికేగి, అతనికంటె జ్ఞాని గలడా యని యడుగగా, లేడని దైవవాక్కు వచ్చెను. అది విని సోక్రటీసు పొంగిపోలేదు. ఆ మాటను పరీక్షింప బయలుదేరెను. రాజకీయవేత్తలను, కవులను, పనివాండ్రను ప్రశ్నించెను. పనివాండ్రకు తమ పని నిజముగనే తెలియును. కాని ఆ ఒక్కటి తెలిసినందున తక్కిన పెద్ద విషయములును తెలియునని భ్రమించుచుండిరి. తనకు తెలియనిది తెలియదని యెరుగుటయే తన విశేషమని అతడు గ్రహించెను. ఆ ప్రశ్నలు పలువురికి కంటగింపాయెను. అతనిపై నేరము మోపిరి. ప్రశ్నించుట మానుటకు అతడొప్పుకొనలేదు. క్రీ.పూ. 399లో, డెబ్బది యేండ్ల ప్రాయమున, తీర్పును శిరసావహించి విషము త్రాగెను.

మన ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రమున స్వాధ్యాయమును అంతరంగ తపస్సులలో చేర్చి, దానికి ఐదు భేదములు చెప్పిరి: వాచన, పృచ్ఛన, అనుప్రేక్ష, ఆమ్నాయము, ధర్మోపదేశము. చదువుట మొదటిది, అడుగుట రెండవది, పరులకు బోధించుట కడపటిది. మనమో, కడపటి దానితోనే మొదలుపెట్టుచున్నాము!

తెలుగుసీమలోని కొనకొండ్లవారని సంప్రదాయము చెప్పు కుందకుందాచార్యులు సమయసారమున, తానెవరో తనది కానిదేదో విడదీసి చూచు భేదవిజ్ఞానమును బోధించిరి. అయితే తెలిసినంత మాత్రమున చాలునా? సమ్యగ్దర్శన జ్ఞానములకు చారిత్రము తోడు కావలెనని గదా జినమార్గము. ఇది నేను నష్టపడి నేర్చుకొన్న పాఠము.

చాల ఏండ్ల క్రిందట మా దుకాణమున ఒక ముసలి గుమాస్తా యుండెను. ఒకనాటి సాయంకాలము నేను కట్టిన మొత్తములో తప్పున్నదని మెల్లగా చెప్పెను. బేరమునకు వచ్చిన నలుగురి యెదుట, "నాకు నేర్పవచ్చితివా?" అని కసరితిని. రాత్రి చిట్టా తిరుగవేసి చూడగా తప్పు నాదే. అంకె దిద్దితిని గాని, అతనితో ఒక్క మాట అనలేదు. ఆ యేడు పర్యూషణమున బంధువులకు, ఊరూర నున్న వర్తకులకు "మిచ్ఛామి దుక్కడం" అని జాబులు పంపితిని. వానిపై విలాసములు వ్రాసినది అతడే! అతనికి మాత్రము ఆ మాట చెప్పలేదు. తరువాత అతడు పని మాని స్వగ్రామమునకేగెను. కొంతకాలమునకు కాలధర్మము చెందినట్లు కబురు వచ్చెను. ఆ బాకీ నేటికిని నా ఖాతాలోనే నిలిచియున్నది. చెల్లింతమన్న పుచ్చుకొనువాడు లేడు.

తప్పు నాదని ఆ రాత్రియే నాకు తెలియును. తెలిసియు నోరు విప్పనీయనిది నా మానకషాయము. దానిని నేను దుకాణపు పరువనుకొంటిని.

కావున సోదరులారా, ప్రతిరాత్రి రొక్కము సరిచూచుకొన్న పిదప, పెట్టె మూయకముందు, మరియొక లెక్క చూచుకొందము. నేడు తెలియనిది తెలియునని పలికితినా? చిన్నవాడు చెప్పిన నిజమును త్రోసివేసితినా? రాబోవు సంవత్సరి నాడు మన మొదటి క్షమాపణ దూరపు బంధువునకు జాబుగా పోనక్కరలేదు. దుకాణమున మన యెదుటనే నిలిచి, మన లెక్కలు వ్రాయుచున్నవానికి నోటితో చెప్పుకొందము.

జయ జినేంద్ర.